విశాఖలో పాత ఇల్లు కొని, బాగుచేసి అమ్మడం ఎలా: ముందు కాగితం, తర్వాత ఊచ, ఆ తర్వాతే టైల్సు

పాడుబడ్డ ఇల్లు తక్కువలో కొని, బాగుచేసి లాభానికి అమ్మాలనుకునేవాళ్ళు చాలామంది టైల్సు, రంగులు, మాడ్యులర్ కిచెన్ దగ్గర మొదలుపెడతారు. విశాఖలో డబ్బు పోయేది అక్కడ కాదు. దస్తావేజుల్లో పోతుంది, స్లాబు లోపలి ఊచల్లో పోతుంది. రెండూ పైకి కనపడవు. కొన్నాకే బయటపడతాయి. అందుకే ఇక్కడ ఆ రెండింటి గురించి ఎక్కువ చెప్పి, మిగతావి అవసరమైనంతే చెబుతున్నాం.

ఎక్కడ వెతకాలి

మధురవాడ, పీఎం పాలెం వైపు కొత్త అపార్ట్‌మెంట్లు విరివిగా లేస్తున్నాయి. అక్కడ మీరు బాగుచేసిన పాత ఫ్లాటు లిఫ్టు, జనరేటరు, కారు పార్కింగు ఉన్న కొత్త ఫ్లాటుతో పోటీ పడాలి. దానికన్నా ఖాళీ జాగా అయిపోయి, బడి, ఆస్పత్రి, బజారు నడిచే దూరంలో ఉన్న పాత కాలనీలు నయం: సీతమ్మధార, అక్కయ్యపాలెం, ఎంవీపీ కాలనీ, మురళీనగర్, మర్రిపాలెం, పెదవాల్తేరు. ఆ వీధుల్లోనే ఉండాలనుకునే కుటుంబాలకు కొత్త ఇల్లు దొరకదు, దొరికినా ధర అందదు. మీ కొనుగోలుదారు వాళ్ళే.

ఒక కాలనీ పట్టుకుని కాళ్ళతో తిరగండి. పిట్టగోడలో మొలిచిన రావి మొక్క, నెలల తరబడి తీయని కిటికీలు, గేటుకు దూరిన పాత కరపత్రాలు కనిపిస్తే ఇస్త్రీ బండి అతన్నో, పక్క అపార్ట్‌మెంటు వాచ్‌మన్‌నో అడగండి. యజమాని ఎవరో, పిల్లలు ఎక్కడున్నారో, అన్నదమ్ముల మధ్య ఏమైనా పేచీ ఉందో బ్రోకరు కన్నా వాళ్ళకే బాగా తెలుస్తుంది. ఇలాంటి ఇళ్ళు అమ్మేవాళ్ళు ఎక్కువగా పిల్లలు విదేశాల్లో స్థిరపడిన పెద్దవాళ్ళు, లేదా వాటాలు పంచుకోవాల్సిన వారసులు. మూడో దారి బ్యాంకు వేలం.

అదే వీధిలో, అదే సైజులో, బాగున్న ఫ్లాటు ఎంతకు పోయిందో ముందే తెలుసుకోవాలి. ప్రకటనలో కనిపించేది అడిగే ధర. మీకు కావాల్సింది జరిగిన బేరాలు, కనీసం మూడు.

వాస్తు మీరు నమ్మినా నమ్మకపోయినా కొనేవాళ్ళు చూస్తారు. ఈశాన్యంలో మరుగుదొడ్డి ఉన్న ఫ్లాటు ఎంత చవకగా వచ్చినా వదిలేయండి. ఎన్ని లక్షలు పెట్టి మెరిపించినా చూడడానికి వచ్చినవాళ్ళు గుమ్మం దగ్గరే వెనక్కి తిరుగుతారు. వంటగది ఆగ్నేయానికి మార్చడం కొన్ని ఫ్లాట్లలో కుదురుతుంది, డ్రైనేజీ లైను మార్చడం మాత్రం చాలాచోట్ల కుదరదు.

కాగితం

జిరాక్సులు తీసుకోవాలి, లాయరుకు చూపించాలి, ఆ తర్వాతే టోకెన్ అడ్వాన్సు. ఈ వరుస తప్పకూడదు.

ఈసీ, అంటే ఆ ఆస్తి మీద రిజిస్టరైన అమ్మకాలు, తనఖాల జాబితా, కనీసం 30 ఏళ్ళకు తీయించండి. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో 1983 నుంచి వివరాలు దొరుకుతాయి, అంతకు ముందువి కావాలంటే సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్ళాలి. ఈసీలో కనిపించే ప్రతి లావాదేవీకీ లింకు డాక్యుమెంటు, అంటే ఆ పాత దస్తావేజు, చేతిలో ఉండాలి. ఒక్కటి లేకపోయినా రేపు మీ దగ్గర కొనేవాళ్ళకు బ్యాంకు లోను రాదు, లోను రాకపోతే కొనేవాళ్ళ సంఖ్య ఒక్కసారిగా పడిపోతుంది. ఫ్లాటు అయితే దస్తావేజులో ఉన్న అవిభాజ్య వాటా, అంటే బిల్డింగు స్థలంలో ఆ ఫ్లాటుకు వచ్చే భాగం, ఎన్ని గజాలో చూడండి. పాత చిన్న అపార్ట్‌మెంట్లలో ఈ వాటా పెద్దగా ఉండి, రేపు బిల్డింగు పడగొట్టి కట్టుకోవాల్సి వస్తే అదే అసలు విలువ అవుతుంది.

సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో, ఉందేమో తప్పనిసరిగా చూడాలి. విశాఖలో దీనికి ప్రత్యేక కారణం ఉంది. అడవివరం, వేపగుంట, పురుషోత్తపురం, చీమలాపల్లి, వెంకటాపురం, ఈ పంచగ్రామాల్లో సింహాచలం దేవస్థానం భూముల వివాదం దశాబ్దాలుగా నడుస్తోంది. అక్కడ ఇల్లు సగం ధరకు వస్తోందంటే అది బేరం కాదు. రిజిస్ట్రేషన్ కాని ఇంటిని తిరిగి అమ్మలేరు. ఊళ్ళో మిగతా చోట్ల పాత అర్బన్ ల్యాండ్ సీలింగు మిగులు భూములు (పరిమితికి మించి ఉన్నాయని ప్రభుత్వం లెక్కగట్టినవి), డీ పట్టా భూములు తగులుతాయి. డీ పట్టా, అంటే పేదలకు ప్రభుత్వం ఇచ్చిన అసైన్డు భూమి, 1977 నాటి చట్టం ప్రకారం మామూలుగా చేతులు మారకూడనిది, తర్వాతి సవరణలు కొన్నిటికి మినహాయింపు ఇచ్చాయి. ఆ మినహాయింపు వర్తిస్తుందని లాయరు తేల్చకపోతే, దాని మీద కట్టిన ఇల్లు ఎంత పక్కాగా ఉన్నా మీకు పనికిరాదు.

వారసుల ఇల్లయితే కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ అడిగి, అందులో ఉన్న ప్రతి ఒక్కరి సంతకం తీసుకోండి. ఆడపిల్లల సంతకాలు మరీ ముఖ్యం. "పెళ్ళప్పుడు ఇచ్చేశాం, ఆవిడ ఏమీ అడగదు" అన్న మాట మీద ఇల్లు కొనకండి, తర్వాత కోర్టు మెట్లెక్కేది మీరే. జీపీఏ (యజమాని తన తరఫున వ్యవహరించమని ఇంకొకరికి ఇచ్చే అధికార పత్రం) మీద అమ్ముతామంటే, జీపీఏ ఇచ్చిన మనిషి బతికే ఉన్నారా, దాన్ని రద్దు చేయలేదా చూసుకుని, మీ పేరున రిజిస్టరు సేల్ డీడే అడగండి. జీపీఏ, అగ్రిమెంటు చేతుల్లో పెట్టుకున్నంత మాత్రాన హక్కు రాదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది.

అమ్మేవాళ్ళు ఎన్నారైలైతే ఇంకో చిక్కు. రూ.50 లక్షలు, అంతకు మించిన కొనుగోలుకు మామూలుగా అమ్మేవాళ్ళకిచ్చే డబ్బులోంచి 1 శాతం టీడీఎస్ (ముందే ప్రభుత్వానికి కట్టే పన్ను) పట్టుకుంటాం. ఎన్నారైకి ఆ 1 శాతం లెక్క వర్తించదు, ఇంకా ఎక్కువ రేటు ఉంటుంది, 50 లక్షల పరిమితీ ఉండదు. పట్టుకోకుండా డబ్బంతా ఇచ్చేస్తే ఆదాయపు పన్ను శాఖ మిమ్మల్నే అడుగుతుంది.

జీవీఎంసీ (నగరపాలక సంస్థ) ఇంటి పన్ను, కుళాయి బిల్లు, ఏపీఈపీడీసీఎల్ కరెంటు బకాయి, అపార్ట్‌మెంటు మెయింటెనెన్స్ బకాయి, అన్నీ కట్టిన రసీదులు రిజిస్ట్రేషన్ రోజుకు ముందే చేతికి రావాలి. అద్దెకున్నవాళ్ళు ఉంటే ఖాళీ చేశాకే మిగతా డబ్బు ఇస్తామని అగ్రిమెంటులో రాయించండి.

బ్యాంకు వేలంలో ధర తక్కువే, గడువు మాత్రం కఠినం. రిజర్వు ధరలో, అంటే బ్యాంకు పెట్టిన కనీస ధరలో, సాధారణంగా 10 శాతం ముందు కట్టి పాల్గొంటారు. పాట దక్కితే ఆ రోజో మరుసటి పనిరోజో మొత్తం 25 శాతానికి నింపాలి, మిగతాది అమ్మకం ఖరారైన 15 రోజుల్లో కట్టాలి. అంతలో హోం లోను రావడం కష్టం. నోటీసులో స్వాధీనం "సింబాలిక్" అని ఉంటే ఇంట్లో ఇంకా మనుషులున్నారని అర్థం చేసుకోండి. వాళ్ళను ఖాళీ చేయించేదాకా మీరు సుత్తి కూడా పట్టుకోలేరు.

ఊచ

విశాఖ గాలిలో ఉప్పు ఉంది. అందులోని క్లోరైడు తేమతో కలిసి కాంక్రీటు లోపలికి దిగి ఊచను చేరుతుంది. తుప్పు పట్టిన ఇనుము అసలు ఇనుము కన్నా రెండు నుంచి ఆరు రెట్ల చోటు తీసుకుంటుంది. ఆ ఒత్తిడికి ముందు ఊచ వెంబడి సన్నటి గీత పడుతుంది, తర్వాత ఉబ్బుతుంది, ఆ తర్వాత పెచ్చు ఊడుతుంది. కాబట్టి సీలింగులో అడ్డదిడ్డంగా ఉన్న వెంట్రుక పగుళ్ళ కన్నా, తిన్నగా, సమాన దూరాల్లో సాగే గీతలనే ప్రమాదంగా చూడాలి. అవి ఊచల వరుసలు.

ఇల్లు చూడడానికి వెళ్ళేటప్పుడు చిన్న సుత్తి, మంచి టార్చి, స్క్రూడ్రైవరు పట్టుకెళ్ళండి. వీలైతే వానాకాలం చివర్లో, సెప్టెంబరు నుంచి నవంబరు మధ్య చూడండి. ఎండాకాలంలో ఆరిపోయి దాక్కునే చెమ్మంతా అప్పుడు గోడల మీదే ఉంటుంది. హాలులో నిలబడి మాట్లాడడం తర్వాత, ముందు సన్‌షేడ్ల అడుగు, బాల్కనీ అడుగు, బాత్రూం సీలింగు, మెట్ల కింద, ట్యాంకు కింద స్లాబు, స్తంభాల మొదళ్ళు చూడండి. సముద్రం వైపు ముఖాన్ని మరింత శ్రద్ధగా చూడాలి. సుత్తితో మెల్లగా తడుతూ వెళ్ళండి. గట్టి కాంక్రీటు ఖంగుమంటుంది, ఊడబోయేది డొల్లగా డబడబమంటుంది. డొల్ల ఉన్నచోటల్లా సుద్దముక్కతో గీత గీసి, గది గదికీ చదరపు అడుగులు లెక్కరాయండి. మిగతా ఇల్లంతా మాసిపోయి ఒక్క సీలింగుకే తాజాగా రంగు వేసి ఉంటే, అక్కడ ఇంకో రెండుసార్లు తట్టండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఇంటికేమైందో ఇరుగుపొరుగును అడగండి. ఆనాడు కదిలిన పిట్టగోడల, పగిలిన కిటికీ చట్రాల చుట్టూ దిగిన నీళ్ళు ఇవాళ్టి తుప్పుకు కారణం కావచ్చు.

బేరం దాదాపు కుదిరింది, డబ్బు పెద్దది అనుకుంటే రెండు పరీక్షలు చేయించండి. మొదటిది ఫినాఫ్తలీన్. సన్‌షేడ్ అంచునో బీము మూలనో కొద్దిగా కొట్టి, అప్పుడే బయటపడ్డ కాంక్రీటు మీద ఈ ద్రావణం చల్లుతారు. ఊచను తుప్పు నుంచి కాపాడే క్షారం మిగిలి ఉన్నచోట ముదురు గులాబీ రంగు వస్తుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడు తినేసిన చోట రంగే రాదు. బయటి అంచు నుంచి లోపలికి ఆ రంగులేని పట్టీ వెడల్పు స్కేలుతో కొలవండి. అది ఊచ దాకా వచ్చిందంటే, ఇప్పుడు పగులు లేకపోయినా ఊచకు రక్షణ అయిపోయింది. ఈ పరీక్ష ఉప్పును మాత్రం పట్టదు. దానికి డ్రిల్లుతో కాంక్రీటు పొడి తీసి ల్యాబుకు పంపి క్లోరైడు శాతం చూపించాలి, ఇది రెండోది. సముద్రానికి దగ్గర్లో ఉన్న లాసన్స్ బే, పాండురంగాపురం లాంటి చోట్ల రెండోదే ముఖ్యం.

డొల్ల ఒకటి రెండు గదుల్లో, బాత్రూముల దగ్గరే ఉంటే బాగుచేయవచ్చు. స్తంభాల్లో నిలువు పగుళ్ళు, బీముల అడుగున తుప్పు మరకలు ఉంటే స్ట్రక్చరల్ ఇంజినీరు లిఖితంగా చెప్పేదాకా కొనకండి. సొంత స్థలంలో ఇల్లయితే దాన్ని స్థలం ధరకే లెక్కగట్టండి. ఫ్లాటైతే వదిలేయండి. స్తంభాలు, బయటి గోడలు అందరివీ. మీ ఒక్కరి ఫ్లాటులో పని చేసినా బిల్డింగు బాగుపడదు.

బాగుచేసే పద్ధతి ఇది. ముందు స్లాబు కింద జాకీలు పెట్టాలి. డొల్ల కాంక్రీటును చిన్న ఉలితో, చేతి డ్రిల్లుతో తీయాలి, పెద్ద బ్రేకరు పెడితే పక్కనున్న మంచి కాంక్రీటు కూడా కదులుతుంది. ఊచ పైభాగం కనిపిస్తే చాలని ఆపేయడం మేస్త్రీలు ఎక్కువగా చేసే తప్పు. ఊచ వెనక కూడా వేలు దూరేంత, అంటే 20 ఎం.ఎం. దాకా తీయాలి. లేదంటే వెనక మిగిలిన ఉప్పు కాంక్రీటు మళ్ళీ తుప్పు పట్టించి, ఏడాది రెండేళ్ళలో కొత్త పూతను కిందికి తోసేస్తుంది. ఊచను వైరు బ్రష్షుతో మెరిసేదాకా రుద్ది, వెర్నియరుతో (మందం కొలిచే పనిముట్టు) కొలవండి. 8 ఎం.ఎం. ఊచ 7కు తగ్గిందంటే దాని కోత వైశాల్యంలో దాదాపు నాలుగో వంతు పోయినట్టే. అలాంటిచోట పక్కన కొత్త ఊచ కట్టాలి, రెండు వైపులా మంచి ఊచ మీదికి వ్యాసానికి 50 రెట్లు, అంటే 8 ఎం.ఎం.కు 400 ఎం.ఎం., ఎక్కేలా. తర్వాత జింకు ప్రైమరు, బాండింగు కోటు (కొత్త మిశ్రమం పాత కాంక్రీటుకు అతుక్కోవడానికి వేసే పూత). బాండింగు కోటు జిగటగా ఉండగానే పాలిమర్ మోర్టారు (పాలిమర్ కలిసిన సిమెంటు మిశ్రమం) 10 నుంచి 15 ఎం.ఎం. పొరలుగా ఎక్కించాలి. కోటు ఎండిపోయాక మోర్టారు వేస్తే అతుక్కోవడానికి బదులు విడిపోతుంది. మధ్యాహ్నం భోజనానికి ముందు కోటు పూసి వచ్చాక మోర్టారు వేసే అలవాటును ఆ రోజు దగ్గరుండి ఆపండి. ఏ మిశ్రమానికైనా, క్యూరింగుకైనా మంచినీళ్ళే వాడాలి. బీచ్ దగ్గరి బోర్లలో నీళ్ళు ఉప్పగా ఉంటే ఆ నీళ్ళు వద్దు.

వన్‌టౌన్‌లో సున్నపు గోడలు, పెంకు లేదా దూలాల కప్పు ఉన్న పాత ఇళ్ళు దొరుకుతాయి. వాటి గోడలకు సిమెంటు ప్లాస్టరు చేయకండి. లోపలి తేమ బయటకు రాలేక ఇటుకను, దూలాన్ని తినేస్తుంది. సున్నం గోడకు సున్నమే వేయాలి, అది తెలిసిన మేస్త్రీ దొరికాకే ఆ ఇల్లు కొనండి. పోర్టు వైపు బొగ్గు ధూళి వల్ల తెల్ల రంగు బయట నిలవదు, అది కూడా లెక్కలో పెట్టుకోండి.

లెక్క

ఒక ఉదాహరణ వేసుకుందాం. 1,000 చదరపు అడుగుల పాత ఫ్లాటు 40 లక్షలు. రిజిస్ట్రేషన్ ఖర్చు 7.5 శాతం, 3 లక్షలు. ఇది మీ ధర మీదో ప్రభుత్వ విలువ మీదో, ఏది ఎక్కువైతే దాని మీద. బ్రోకరుకు 1 శాతం, 40 వేలు. పనికి 6.5 లక్షలు. అనుకోనివాటికి 15 శాతం, సుమారు లక్ష. 28 లక్షల అప్పుకు 9 శాతం చొప్పున 8 నెలల వడ్డీ 1.68 లక్షలు. మెయింటెనెన్స్, పన్ను, కరెంటు 20 వేలు. 58 లక్షలకు అమ్మితే ఆ బ్రోకరేజీ 58 వేలు. మొత్తం 53.36 లక్షలు, మిగిలేది 4.64 లక్షలు, అదీ పన్నుకు ముందు. పని అనుకున్నదానికన్నా నాలుగు నెలలు ఎక్కువ సాగితే వడ్డీలోనే ఇంకో 84 వేలు పోతాయి. ఇదే ఫ్లాటు 36 లక్షలకు కొని ఉంటే మిగిలేది దాదాపు 9 లక్షలు. టైల్సులో అడుగుకు పది రూపాయలు తగ్గించుకోవడం కన్నా, సుద్దముక్కతో రాసుకున్న డొల్ల లెక్క అమ్మేవాళ్ళ ముందు పెట్టి బేరమాడడం ఎన్నో రెట్లు లాభం.

పని వరుస

గోడలు, స్తంభాలు కదపని లోపలి మరమ్మతు ఒక సంగతి. కొత్తగా గది చేర్చడం, బాల్కనీ మూయడం, అంతస్తు వేయడం జీవీఎంసీ అనుమతి కావాల్సిన పనులు. హాలు పెద్దదిగా కనిపించాలని 9 అంగుళాల గోడ తీసేయకండి, పాత ఇళ్ళలో స్లాబును మోసేది అదే. బీచ్ పక్కన పడగొట్టి కట్టాలనుకుంటే తీరప్రాంత నిబంధనలు ముందే చూసుకోవాలి.

టెర్రసు, బయటి గోడల పని జనవరి నుంచి మే లోపు ముగించండి. టెర్రసు మీద నీళ్ళు పైపు వైపు వెళ్ళేలా వందకు ఒకటి వాలు ఉండాలి. వాలు లేని టెర్రసు మీద ఎంత ఖరీదైన కెమికల్ పూసినా నిలిచిన నీళ్ళు దారి వెతుక్కుంటాయి.

లోపల వరుస: ఊచల మరమ్మతు, ప్లంబింగు, వైరింగు, ప్లాస్టరు, వాటర్‌ప్రూఫింగు, టైల్సు, చెక్కపని, రంగు. తుప్పు పట్టిన జీఐ (ఇనుప) పైపులు పూర్తిగా తీసి సీపీవీసీ (ప్లాస్టిక్) పైపులు వేయండి, గోడ మూయకముందే చేతి పంపుతో చదరపు సెం.మీ.కు 10 కిలోల ప్రెషరు పెట్టి గంటసేపు గేజి ముల్లు కదలకుండా చూడండి. బాత్రూంలో రెండు పూతల వాటర్‌ప్రూఫింగు ఆరాక, అంగుళం నీళ్ళు నిలబెట్టి 48 గంటలు ఉంచి, కింది ఫ్లాటు సీలింగు చూసి రావాలి. కింది ఇంటివాళ్ళతో ముందే చెప్పి ఉంచండి, ఈ పరీక్ష మానేసినవాళ్ళే తర్వాత కొత్త టైల్సు పగలగొడతారు. పాత అల్యూమినియం వైర్లు ఉంటే ఒక్కటీ మిగల్చకండి. రాగి వైరు లైట్లకు 1.5, పవర్ ప్లగ్గులకు 2.5, ఏసీకి, గీజరుకు 4 చదరపు ఎం.ఎం. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్చు) తప్పనిసరి. రెండు ఏసీలు పెట్టే ఇంటికి పాత శాంక్షన్ లోడు (మంజూరైన కరెంటు పరిమితి) సరిపోకపోవచ్చు, ముందే పెంచమని అర్జీ పెట్టండి.

చెమ్మ ఎక్కిన గోడకు పుట్టీ కొట్టి రంగేస్తే మొదటి వానకే పొక్కులు లేస్తాయి. తడి మరక పైన ఇంకో అడుగు దాకా ప్లాస్టరు తీసి, ఇటుకల సందులు అర అంగుళం గోకి, రెండు మూడు వారాలు ఆరనిచ్చి, 1:4 ప్లాస్టరులో (ఒక పాలు సిమెంటుకు నాలుగు పాళ్ళ ఇసుక) సిమెంటు బస్తాకు 200 మి.లీ. వాటర్‌ప్రూఫింగు ద్రావణం కలిపి వేయండి. కొత్త ప్లాస్టరు 7 రోజులు తడపాలి, 28 రోజులు ఆరాలి, అప్పుడే పెయింటు.

చెదలు ఉంటే గోడ, నేల కలిసేచోట అడుగుకు ఒకటి చొప్పున 12 ఎం.ఎం. రంధ్రాలు చేసి, రంధ్రానికి లీటరు చొప్పున మందు పట్టించాలి. ఇది టైల్సుకు ముందు పని. పాత టేకు తలుపులు మాత్రం తీసేయకండి, ఇసుక కాగితం పట్టి పాలిష్ చేస్తే ఆ ధరకు కొత్త తలుపు రాదు. ఇనుప కిటికీలు తీసి యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) కిటికీలు పెట్టండి. సముద్రం దగ్గర బాల్కనీ రైలింగుకు 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు కూడా మచ్చలు పడుతుంది, 316 రకం అడగండి.

నేలకు రెండడుగుల టైల్సు 1,000 చదరపు అడుగులకు 10 శాతం తరుగు కలిపి 71 పెట్టెలు, 3 ఎం.ఎం. మందానికి 20 కిలోల అడ్హెసివ్ సుమారు 22 సంచులు. టైల్సన్నీ ఒకే బ్యాచ్ నంబరువి తీసుకోండి, తర్వాత తెచ్చినవి రంగు కలవవు. పాత టైలు మీదే కొత్తది వేస్తే తలుపులు కోయాలి, బాత్రూం గుమ్మం ఎత్తు తగ్గుతుంది.

మేస్త్రీకి రోజు కూలీ మీద కాకుండా గుత్తకు ఇవ్వండి, మరమ్మతు మోర్టారు పని ఒక్కటి రోజు కూలీకే. తొందరపడితే పాడయ్యే పని అది. డబ్బు దశలవారీగా, ఒక్కో పరీక్ష పాసయ్యాక ఇవ్వండి.

అమ్మకం

ఆషాఢంలో గృహప్రవేశాలు ఉండవు, ఇళ్ళు చూడడానికీ జనం తగ్గుతారు. పని శ్రావణానికో మాఘానికో ముగిసేలా వెనక్కి లెక్కవేసుకుని మొదలుపెట్టండి. వచ్చినవాళ్ళకు మీరు చేసిన మరమ్మతు ఫొటోలు చూపండి: విప్పిన సీలింగు, శుభ్రం చేసిన ఊచ, నీళ్ళు నిలబెట్టిన బాత్రూం. లింకు డాక్యుమెంట్లు, ఈసీ, పన్ను రసీదులు ఒక ఫైలులో పెట్టి కొనేవాళ్ళ బ్యాంకు లాయరుకు నేరుగా ఇస్తే లోను త్వరగా తేలుతుంది.

కొన్న 24 నెలల లోపు అమ్మితే లాభం మీ ఆదాయంలో కలిసి శ్లాబు ప్రకారం పన్ను పడుతుంది, ఆ తర్వాతైతే 12.5 శాతం. ఇదే పని మళ్ళీ మళ్ళీ చేస్తుంటే శాఖ దాన్ని వ్యాపార ఆదాయంగా చూడవచ్చు, మొదటి అమ్మకానికి ముందే ఆడిటరును కలవండి. సిమెంటు, టైల్సు, వైర్లు అన్నిటికీ జీఎస్టీ బిల్లు మీ పేరునే తీసుకోండి, మేస్త్రీకి బ్యాంకు ద్వారా చెల్లించండి. బిల్లు లేని ఖర్చును లాభంలోంచి తీసివేయనివ్వరు.